రోగి రహస్యము – దాని చరిత్ర



గడచిన వేసవిలో మా యూరి రచ్చబండ చెంత ఇద్దఱు యువకులు బల్ల వేసికొని కూర్చుండిరి. వచ్చినవారి ఆధార్ సంఖ్య నడుగుట, వారి సెల్‌ఫోనునకు వచ్చిన అంకెలను చెప్పించుకొనుట, పిమ్మట పదునాలుగు అంకెలు గల క్రొత్త సంఖ్య నొకదానిని కాగితముపై అచ్చొత్తి యిచ్చుట – ఇది వారి పని. దానికి 'ఆభా' యని పేరు. మనుష్యుని ఆరోగ్యమునకు సంబంధించిన కాగితములన్నియు ఇకమీద ఈ సంఖ్యతో ముడిపడి యుండునని వారు చెప్పిరి. మా వీథిలోని వృద్ధురాలొకతె ఆ కాగితమును కొంగున ముడి వేసికొని తిన్నగా నా యింటి అరుగు కడకు వచ్చినది. "అయ్యవారూ, నా జబ్బులన్నీ ఇందులో రాస్తారంట గదా. రాసేది సరే, చూసేదెవరు?" అని యడిగినది.

నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో ప్రశ్నలు వేసి జీవించినవాడను. ఇంత సూటియైన ప్రశ్నను నేనెన్నడును వేసి యెఱుగను. ఈనాటి ప్రసంగమంతయు ఆమెకు చెప్పవలసిన సమాధానమే.

సమాధానమునకు ముందు నా తప్పొకటి ఒప్పుకొనవలసి యున్నది. 1988వ సంవత్సరమున నేనొక చిన్న గ్రామమున తెలుగు పండితుడనుగా నుంటిని. చదువు వచ్చినవారు ఆ యూర కొద్దిమందియే. ఎవరికి జాబు వచ్చినను, నోటీసు వచ్చినను, ఆసుపత్రి చీటి వచ్చినను నా యొద్దకే తెచ్చెడివారు. ఒకనాటి సాయంకాలము ఒక రైతు తన కుమారుని ఆసుపత్రి కాగితమును నా చేతికిచ్చెను. బడి వసారాలో అప్పటికే పదిమంది కూర్చుండి యుండిరి. తరగతిలో పాఠము చదివినట్లు దానిని బిగ్గరగా చదివితిని. చదివి యూరకుండక, 'క్షయ' యని అర్థమును గూడ చెప్పితిని. ఆ రాత్రికే ఊరంతయు పొక్కినది. కుదిరిన పెండ్లి తప్పిపోయినది. బావి కడ ఆ యింటివారి చేదను వేఱు చేసిరి. మందులకై ఆసుపత్రికి పోవుట యనగా పదిమంది కంట బడుటయే యని యెంచి, ఆ పిల్లవాడు నడుమనే మందు మానివేసెను. రెండేండ్లకు మరణించెను.

నేను దొంగతనము చేయలేదు, అబద్ధమాడలేదు. కాగితమున నున్న మాటను చదివితిని. కాని ఆ మాట నాది కాదు. దానిని పదిమంది నడుమ పెట్టుటకు నాకు అధికారము లేదు. ఈ సంగతి నాకు తెలిసివచ్చునప్పటికి ఒక ప్రాణము పోయినది. నాటి నుండి, రోగి మాట ఎవరి సొత్తు, దానిని కాపాడవలసినవారెవరు అను విషయమై దొరికినంత చదువుచు వచ్చితిని. ఆ చదువులో తేలిన సంగతులను మీకు మనవి చేయుచున్నాను.

చరకసంహితలో విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున, వైద్యవిద్య నారంభించు శిష్యునకు గురువు చేయు అనుశాసనము కలదు. అగ్నిసాక్షిగా, బ్రాహ్మణుల యెదుటను వైద్యుల యెదుటను చేయు ఉపదేశమది. రోగి యింటిలోనికి వైద్యుడు ఎట్లు పోవలయునో అచ్చట వివరింపబడినది. ఆ యింటివారికి తెలిసిన మనుష్యుని వెంట, అనుమతి పొంది, చక్కగా వస్త్రము ధరించి, తల వంచుకొని పోవలయును. లోపలికి పోయిన తరువాత వాక్కును, మనస్సును, ఇంద్రియములను రోగి మేలునందు తప్ప వేఱొకచోట ప్రసరింపనీయరాదు. ఆ యింటి సంగతులు వెలుపల చెప్పరాదు. రోగికి ఆయువు తఱుగుచున్నదని తనకు తెలిసినను, చెప్పుట వలన అతనికి గాని మఱియొకరికి గాని దెబ్బ తగులునట్లున్నచో చెప్పరాదు. గ్రీసు దేశమున హిప్పోక్రటీసు పేర ప్రసిద్ధమైన వైద్యశపథమునందును ఇట్టి మౌననియమమే కనబడుచున్నది. దేశములు వేఱు, భాషలు వేఱు, నియమము మాత్రమొక్కటే. కారణము సులభము. రోగి నిజము చెప్పినగాని వైద్యుడు తగిన మందు ఈయలేడు. చెప్పిన మాట దాగునన్న నమ్మకము లేనిదే రోగి నిజము చెప్పడు.

ఇక ఆ మాట ఎవరి సొత్తు? మన ధర్మశాస్త్రములలో పదునెనిమిది వ్యవహారపదములు కలవు. మనువు లెక్కలో మొదటిది ఋణము, రెండవది నిక్షేపము. నిక్షేపమునే మనము తెలుగున 'ఇల్లడ' యందుము. యాజ్ఞవల్క్యుడు ఇందులో నొక సూక్ష్మము చెప్పెను. వస్తువును పెట్టెలోనో సంచిలోనో ఉంచి, లోపల నేమున్నదో చెప్పకయే మఱియొకరి చేతికిచ్చినచో దానికి 'ఉపనిధి' యని పేరు. పుచ్చుకొన్నవాడు దానిని ఉన్నదున్నట్లు మరల నీయవలయును. తన యిష్టము చొప్పున దానిని వాడుకొని బ్రదికినచో వాడు దండింపదగినవాడు. వృద్ధితో సహా చెల్లింపవలసినవాడు. ఐతే రాజు వలన గాని, దైవము వలన గాని, దొంగల వలన గాని పోయినచో చెల్లింప నక్కఱలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ననుసరించి, మన కేతన పదుమూడవ శతాబ్దముననే తెలుగున ధర్మశాస్త్రమును వెలయించెను. స్మృతికారులు వస్తువును గూర్చియే చెప్పిరి గాని రోగి మాటను గూర్చి చెప్పలేదు, పోలిక నాది. ఐనను రోగి వైద్యునకు చెప్పుకొన్న మాట ఇల్లడ వంటిదని నా నమ్మకము. దాచుకొన్నవాని చేతులు మాఱవచ్చును. సొత్తు గలవాడు మాఱడు. ఈ పోలికను మనస్సున నుంచుకొని తక్కిన చరిత్ర వినుడు.

వైద్యుడును రోగియు ఇద్దఱే యున్నంతకాలము గురువు చెప్పిన నియమము చాలెను. మూడవవాడుగా ప్రభుత్వము ప్రవేశించినప్పుడు చిక్కు మొదలయ్యెను. 1896లో బొంబాయి నగరమున ప్లేగు పొడసూపెను. మఱుసటి యేడు, 1897లో, అప్పటి ఆంగ్ల ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును చేసెను. పూనా నగరమున ప్లేగు అధికారిగా నుండిన ర్యాండు దొర పాలనలో సైనికులు ఇల్లిల్లును దూఱి వెదకిరి. రోగులను ఆసుపత్రులకును, వారితో నున్నవారిని వేఱు శిబిరములకును తరలించిరి. సామానులు వీథిన పడినవి. జనులేమి చేసిరి? రోగులను దాచిరి, చనిపోయినవారిని సైతము దాచిరి. కడకు 1897 జూను 22వ తేది రాత్రి చాపేకర్ సోదరులు ర్యాండును కాల్చిరి. ప్లేగును ఆపవలెనను తలంపు చెడ్డది కాదు. కాని భయపెట్టి రోగమును తెలిసికొనబోయిన ప్రభుత్వమునకు రోగమే కనబడకుండ పోయినది. ఇది మన దేశము నేర్చుకొనవలసిన మొదటి పాఠము.

ఆ పాఠము ఎంత త్వరగా మఱపునకు వచ్చునో మనము 2020లో చూచితిమి. కోవిడు మహమ్మారి వచ్చినప్పుడు ఆ 1897 నాటి చట్టమునే మరల తీసిరి. పలు పట్టణములలో రోగుల ఇండ్ల తలుపులకు కాగితములు అంటించిరి. ఆ కాగితమును చూచి ఇరుగుపొరుగువారు ఆ యింటివారిని అంటరానివారినిగా చూచిరి. 2020 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము, విపత్తుల చట్టము క్రింద తగిన యధికారి ప్రత్యేకముగా ఆజ్ఞాపించిననే తప్ప అట్టి కాగితములు అంటింపరాదని చెప్పెను. నూటయిరువది యేండ్లు గడచినను మనకు తలుపు మీది కాగితము రోగ నివారణగానే తోచినది గదా!

ఇల్లడ రోగిదే యని తేలుటకు ముందు, మనుష్యునకు తనదని చెప్పుకొనదగిన గోప్యత యనునది కలదా యన్న ప్రశ్న తేలవలసి యుండెను. ఈ కథలో తెలుగువాని పాత్ర పెద్దది. ఉత్తరప్రదేశమున ఖడక్ సింగు అను నతనిపై దోపిడి నేరము మోపి, సాక్ష్యము చాలక విడిచిపెట్టిరి. విడిచినను పోలీసువారు అతని పేర చిట్టా తెఱచి, అర్ధరాత్రములందు వచ్చి తలుపు తట్టెడివారు. వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. 1962 డిసెంబరు 18వ తేదిన తీర్పు వచ్చెను. రాత్రివేళ ఇల్లు చొచ్చుట తప్పని న్యాయమూర్తులందఱు అంగీకరించిరి. కాని గోప్యత యనునది రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులు చెప్పిరి. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు ఆ మాటతో ఏకీభవింపలేదు. మనుష్యుని స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని వారు వేఱుగా తమ యభిప్రాయమును వ్రాసిరి. షా గారు వారితో చేరిరి. తీర్పులో ఆ పక్షము ఓడినది. సుబ్బారావుగారు పిమ్మట 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియైరి.

ఓడిన ఆ మాట యేబదియైదేండ్లకు గెలిచినది. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండి విశ్రాంతి పొందిన పుట్టస్వామిగారు, ఆధార్ విషయమై 2012లో వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యములో పుట్టిన గోప్యత ప్రశ్నపై 2017 ఆగస్టు 24వ తేదిన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా, గోప్యత రాజ్యాంగము ఇరువదియొకటవ అధికరణము హామీ యిచ్చిన జీవన స్వాతంత్ర్యములలోనిదే యని చెప్పిరి. సుబ్బారావుగారి పక్షమే సరియైన దనిరి. ఆ తొమ్మండుగురిలో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో జన్మించిన జాస్తి చలమేశ్వరుగారొకరు. ఆ తీర్పులోనే మన విషయమునకు పనికివచ్చు మాట యొకటి కలదు. మలేరియా, డెంగీ వంటి వ్యాధులు ప్రబలినప్పుడు ప్రభుత్వము ఆసుపత్రుల లెక్కలు తెప్పించుకొని పరిశీలింపవచ్చును. కాని రోగి యెవరో తెలియకుండ పేరు మఱుగుపఱచవలయును. ఊరిలో ఎందఱికి జ్వరము వచ్చినదో ప్రభుత్వమునకు కావలయును. ఎవరికి వచ్చినదో వీథికి అక్కఱలేదు. ఈ భేదమును గ్రహించినచో సగము సమస్య తీఱినట్లే.

రహస్యమునకు హద్దే లేదా యని మీరడుగవచ్చును. కలదు. 1998లో ఒక వ్యాజ్యము వచ్చెను. బంధువునకు రక్తమీయబోయిన యొకనికి ఎయిడ్సు క్రిమి యున్నట్లు ఆసుపత్రి పరీక్షలో తేలినది. ఆ సంగతి బయటపడి అతని పెండ్లి నిలిచిపోయినది. రహస్యమును బయటపెట్టిన ఆసుపత్రి తనకు పరిహారమీయవలెనని అతడు కోరెను. వైద్యునకు రహస్యరక్షణ ధర్మము కలదనియు, ఐనను పెండ్లికూతురి ప్రాణరక్షణ దానికంటె బలవత్తరమనియు న్యాయస్థానము తీర్పు చెప్పెను. అట్టివారి వివాహపు హక్కును గూర్చి ఆ తీర్పులో నున్న మాటలను 2002లో అదే న్యాయస్థానము తిరిగి పరిశీలించి తొలగించెను. 2017లో ప్రత్యేక చట్టము వచ్చి, 2018 సెప్టెంబరు నుండి అమలగుచున్నది. ఆ చట్టము ప్రకారము, అందు చెప్పిన కొన్ని సందర్భములు తప్ప, ఆ రోగి యెఱిగి సమ్మతింపనిదే అతని స్థితిని ఎవరును వెల్లడింపరాదు.

వైద్యుల నడవడిని గూర్చి 2002లో భారత వైద్యమండలి చేసిన నియమములలోను ఈ హద్దులు వ్రాయబడినవి. న్యాయాధిపతి ఆజ్ఞ యున్నప్పుడు, ఒక మనుష్యునికో సంఘమునకో గట్టి ప్రమాదమున్నప్పుడు, తప్పక తెలుపవలసిన వ్యాధియైనప్పుడు మాత్రమే వైద్యుడు నోరు విప్పవచ్చును. ఆ నియమములే రోగికి మఱియొక హక్కు నిచ్చినవి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాని కాగితములను మూడేండ్లు భద్రపఱుపవలయును. రోగి యడిగినచో 72 గంటలలో ఈయవలయును. మనలో ఎందఱు అడిగితిమి?

ఇక కంప్యూటరు లేఖనము. దీనిని నేను దూషింప రాలేదు. పల్లెలో వృద్ధుని ఆసుపత్రి కాగితము లెక్కడ నుండును? దూలమునకు వ్రేలాడు గుడ్డసంచిలో. వానకు తడిసి, ఎలుక కొఱికి, కావలసిననాడు కావలసిన కాగితము దొరకదు. క్రొత్త వైద్యుడు మరల మొదటి నుండి పరీక్షలు వ్రాయును. మరల డబ్బు, మరల రక్తము. ఇంతకుముందు ఏ మందు పడలేదో చెప్పువాడు లేక ప్రాణము మీదికి వచ్చుటయు కలదు. వ్రాత భద్రముగా నుండి, ఎచ్చటనైనను దొరకుట మేలే.

ప్రభుత్వము 2012 మే నెలలో క్షయను తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించెను. ఆ యేడే 'నిక్షయ్' అను కంప్యూటరు చిట్టా నేర్పఱచెను. క్షయ లేకుండ చేయుట యని ఆ పేరునకు వారి భావము. వ్యాకరణము మాట యటుంచుదము. ఆ చిట్టాలో పేరున్న రోగికి పుష్టికరమైన ఆహారము నిమిత్తము 2018 ఏప్రిలు నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో వేయునట్లు ఏర్పాటు చేసిరి. రోగి నడుమ మందు మానినచో ఆ సంగతి చిట్టాలో తెలియును. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి పలుకరింపగలదు. 1988లో ఇట్టి చిట్టా యుండినచో, నేను చెఱిచిన ఆ పిల్లవాని బ్రదుకు నిలిచెడిదేమో. కాని అదే చిట్టా వీథిన పడినచో, నేనొక్కనికి చేసిన కీడు ఒక్క క్షణములో లక్షలమందికి జరుగును. ఈ యుపకారమును ఈ ప్రమాదమును ఒకే వస్తువు నందున్నవి. అందుచేతనే కంప్యూటరు వలదనుట గాక, తాళమును గూర్చి యడుగుట మన పని.

ప్రభుత్వ విధానము ఎట్లు నడచినదో క్రమముగా చెప్పెదను. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2013లో కంప్యూటరు రోగపత్రములకు ప్రమాణములు ప్రకటించి, 2016 డిసెంబరులో వానిని సవరించెను. పత్రములోని విషయము రోగి సొత్తు. ఆసుపత్రి దానిని రోగి పక్షమున నమ్మకముపై దాచునది మాత్రమే – ఇది ఆ ప్రమాణముల సారాంశము. చూచితిరా! యాజ్ఞవల్క్యుని ఇల్లడ మరల వచ్చినది. 2018లో ఆరోగ్య విషయముల గోప్యతకై ప్రత్యేకముగా ఒక చట్టపు ముసాయిదాను ప్రజల యభిప్రాయమునకు పెట్టిరి. అది చట్టము కాలేదు. 2020 ఆగస్టు 15వ తేదిన ప్రధానమంత్రి జాతీయ డిజిటల్ ఆరోగ్య ఉద్యమమును ప్రకటించిరి. మొదట ఆఱు కేంద్రపాలిత ప్రాంతములలో నడపి, 2021 సెప్టెంబరు 27వ తేదిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషను పేర దేశమంతటను వ్యాపింపజేసిరి. 2025 నాటికి 70 కోట్లకు పైగా ఆభా సంఖ్యలు ఏర్పడినవి.

దీని పద్ధతి ఇట్టిది. రోగపత్రములన్నియు ఢిల్లీలో ఒకేచోట కుప్పవేయబడవు. ఏ ఆసుపత్రిలో పుట్టిన పత్రము ఆ ఆసుపత్రి కంప్యూటరులోనే యుండును. మఱియొక వైద్యుడు చూడదలచినచో రోగి ఫోనునకు కబురు వచ్చును. ఏ పత్రము, ఎవరికి, దేనికొఱకు, ఎంతకాలము అని అందుండును. రోగి సరే యనిననే తలుపు తెఱచుకొనును. ఇచ్చిన సమ్మతిని మరల తీసికొనవచ్చును. 2020 డిసెంబరులో ఆమోదింపబడిన విధానపత్రము ప్రకారము ఈ సంఖ్యను పొందుట ఐచ్ఛికము. సంఖ్య లేదను కారణమున ఎవరికిని వైద్యము నిరాకరింపరాదు. ఆధార్ కార్డుతోనే గాక డ్రైవింగు లైసెన్సుతోను దీనిని పొందవచ్చును. వ్రాతలో ఇది ధర్మమే.

వ్రాతకును వాడుకకును గల దూరమే మన భయము. పూర్వము గ్రామాధికారి జననమరణముల పుస్తకమును ఒక పెట్టెలో నుంచెడివాడు. దానిని చూడవలెనన్న అతని యింటికి పోవలయును, అతని కంట బడవలయును. కాగితమునకు గల బరువే దానికి కావలి. కంప్యూటరు వ్రాతకు బరువు లేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు వెబ్‌సైటు ఒకదానిలో, చవుక మందుల దుకాణములలో మందులు కొన్నవారి పేర్లును ఫోను సంఖ్యలును ఎవరైనను చూచునట్లు బయటపడి యుండెను. ఎవరు ఏ మందు కొనిరో తెలిసినచో ఏ రోగమో చెప్పుటకు వైద్యుడు కావలయునా? 2022 నవంబరు 23వ తేదిన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై దొంగలు పడిరి. వారు ఆ వ్రాతలకు తమ తాళము వేసిరి. ఆ పెద్ద ఆసుపత్రిలో ఇంచుమించు రెండు వారములు కాగితము మీదనే పనులు నడపవలసి వచ్చెను. అయిదు సర్వర్లు దెబ్బతిన్నవని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపెను.

ఇచ్చట స్మృతిన్యాయమునకును నేటి న్యాయమునకును గల భేదము గమనింపదగినది. దొంగల వలన పోయిన ఇల్లడకు పూర్వము బాధ్యత లేదని చెప్పితిని. నేటి చట్టము అట్లు విడువదు. నీవు తలుపు గడియ వేసితివా యని యడుగును. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తగిన కట్టుదిట్టములు చేయక సమాచారమును పోగొట్టినవారికి 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా విధించుటకు వీలు కల్పించినది. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటింపబడినవి. ముఖ్యమైన బాధ్యతలు పదునెనిమిది మాసముల గడువు మీద అమలునకు వచ్చునట్లు పెట్టిరి. వైద్యపు అత్యవసరమునందును, అంటువ్యాధి ప్రబలినప్పుడును సమ్మతి లేకయే సమాచారమును వాడుకొనుటకు ఆ చట్టమున వెసులుబాటు కలదు; అది న్యాయమే. ఐతే 2011 నాటి నియమములు రోగవిషయములను మిక్కిలి సున్నితమైనవని ప్రత్యేకముగా పేర్కొన్నవి. 2023 చట్టమున అట్టి ప్రత్యేక వర్గము లేదు. పాలవాని ఖాతాకును రోగి ఖాతాకును ఒకటే తాళము పెట్టినట్లు నాకు తోచుచున్నది. ఇది తీర్పవలసిన వెలితి.

పెద్దలారా! చట్టము ఢిల్లీలో నున్నది; చీటి మన చేతిలో నున్నది. నేటికిని పల్లెలలో తలిదండ్రుల ఫోను తెఱచి చూపువాడు మనుమడు, కాగితము చదువువాడు మన వంటి పెద్ద. అందుచేత మూడు మాటలు విన్నవించెదను.

మొదటిది, ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలు మన యింటి తాళపుచెవి వంటివి. ఎందులకని చెప్పనివారికి వానిని చెప్పరాదు. బల్ల చుట్టు జనము నిలిచియుండగా బిగ్గరగా అసలే చెప్పరాదు. రెండవది, సమ్మతి యడిగినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయవలయును: చూచువాడెవరు, చూచునది యేది, ఎందులకు, ఎన్నాళ్లు? సమాధానము రానిచో సరే యనకుడు. సంఖ్య లేదని వైద్యము మానరాదన్న నియమమును జ్ఞాపకము చేయుడు. మూడవది, ఇతరుల చీటిని మీరు చదువవలసి వచ్చినచో, వారిని అరుగు మీది నుండి ఇంటిలోనికి పిలిచి, తలుపు చేరవేసి చదువుడు. భర్త చీటిని భార్యకు చెప్పుటకు సైతము భర్త సమ్మతి నడుగుడు. ఇది నేను పోగొట్టుకొని నేర్చుకొన్న పాఠము.

ఆ వృద్ధురాలికి ఏమి చెప్పితినని మీరడుగుదురు. "పెద్దమ్మా, నువ్వు సరే అన్నవాళ్లే చూడాలి. అనేముందు ఎందుకని అడుగు" అంటిని. "అడిగితే చెబుతారా?" అనెను. "చెప్పాలి, చట్టముంది" అంటిని. ఆమె కొంగుముడి విప్పి ఆ కాగితమును నా చేతికిచ్చి, "అయితే ఇందులో ఏముందో చదవండయ్యా. నా ఒక్కదానికే వినబడేట్టు చదవండి" అనెను.

ఆమెను లోపలికి పిలిచి, మెల్లగా చదివి వినిపించితిని.

సెలవు.